నమ్మి ఇచ్చిన సొత్తు

పాఠ్యాంశ నేపథ్యం

తన వస్తువును తాను కాపాడుకోవడం లోకసహజం. ఇతరులు నమ్మి ఇచ్చిన వస్తువును కాపాడడం ధర్మం. పూర్వం ఆ వస్తువు నగల పెట్టె కావచ్చు, ధాన్యపు గాదె కావచ్చు. నేడు అది ఒక ఫోను నంబరు, ఒక చిరునామా, ఒక పుట్టినతేది. చిన్న వ్యాపారి సొంతంగా వెబ్‌సైట్ నడుపుకొంటున్న ఈ కాలంలో, కొనుగోలుదారుల వివరాల విషయంలో అతడు పాటించవలసిన బాధ్యతలను ప్రాచీన న్యాసధర్మంతో పోల్చి వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాఠ్యభాగం

పూర్వకాలంలో కాశీయాత్రకు బయలుదేరే గృహస్థు తన ఇంటి నగలను పెట్టెలో పెట్టి, మూత బిగించి, ముద్ర వేసి, ఊరిలో నమ్మకస్థుడైన మరొక గృహస్థు ఇంట దాచి వెళ్లేవాడు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని సామెత పుట్టిన రోజులవి. ఆయన తిరిగివస్తాడో, రాడో ఎవరికీ తెలియదు. అయినప్పటికీ పెట్టెను అందుకొన్నవాడు దాని మూత తెరవకూడదు. అందులోని సొమ్మును తన అవసరానికి వాడుకోకూడదు. యజమాని వచ్చిన నాడు ఏ విధంగా పుచ్చుకొన్నాడో ఆ విధంగానే అప్పగించాలి.

లోపల ఏమున్నదో చెప్పకుండా పెట్టెలో ఉంచి ఇతరుల చేతికి అప్పగించిన ద్రవ్యానికి మన ధర్మశాస్త్రకర్తలు ‘ఉపనిధి’ అని పేరు పెట్టారు. మనుస్మృతి పేర్కొన్న పద్దెనిమిది వ్యవహారపదాలలో ఋణాదానం మొదటిది కాగా, నిక్షేపం రెండవది. యాజ్ఞవల్క్యస్మృతిలో ఉపనిధికి ప్రత్యేకంగా ఒక ప్రకరణమే ఉన్నది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన వ్యాఖ్య ‘మితాక్షర’. దానిని తిక్కనకు సమకాలికుడైన మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరీయం’ అనే పేరుతో తెలుగు పద్యాలలో అందించాడు.

యాజ్ఞవల్క్యుడు చెప్పిన ఉపనిధి ధర్మంలో మూడు అంశాలు మనం గమనించదగినవి. మొదటిది: ఇచ్చినది ఇచ్చినట్లుగానే తిరిగి చెల్లించాలి. రెండవది: దాచమని ఇచ్చిన సొమ్మును తన ఇష్టానుసారం వాడుకొని బ్రతికినవాడు దండనకు పాత్రుడు, లాభంతో సహా దానిని తిరిగి ఇవ్వవలసినవాడు. మూడవది: రాజు వల్లగాని, దైవఘటన వల్లగాని, దొంగల వల్లగాని ఆ సొమ్ము పోయినట్లయితే దాచినవానిపై బాధ్యత లేదు. ఈ మూడవ అంశాన్ని విద్యార్థులు జ్ఞాపకం ఉంచుకోవాలి. వ్యాసం చివరి వరకు మనకు దానితో పని ఉన్నది.

ఇన్ని శతాబ్దాల నాటి ధర్మం నేటి కంప్యూటరు యుగానికి ఏ విధంగా వర్తిస్తుంది? ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

మంగళగిరిలో ఒక చేనేత కుటుంబం ఉన్నదనుకొందాం. తండ్రి మగ్గం మీద నిజాం అంచు చీరలు నేస్తాడు. డిగ్రీ చదివిన కూతురు వాటిని దూరప్రాంతాల వారికి అమ్ముతుంది. దళారులకూ, పెద్ద అంగళ్లకూ కమీషను చెల్లించే స్తోమత లేక, ఆమె నెలకు కొద్దిపాటి అద్దెకు ఒక సర్వర్ తీసికొని, ఉచితంగా లభించే సాఫ్ట్‌వేర్‌తో తానే ఒక వెబ్‌సైట్ నిర్మించుకొన్నది. చీర బొమ్మ, దాని ధర, కొనదలచినవారు నింపవలసిన ఒక పత్రం - ఇంతే ఆ అంగడి. ఆ పత్రంలో పేరు, ఫోను నంబరు, ఈమెయిల్, చిరునామా అనే గడులు ఉన్నాయి. వాటితోబాటు, ఎక్కడో చూసినట్లు జ్ఞాపకం ఉండి, పుట్టినతేది అనే గడి కూడ చేర్చింది.

మొదటి చీరకు ఆర్డరు వచ్చిన రోజు ఆ ఇంట పండుగ. అదే రోజున ఆ ఇంట ముద్ర వేసిన పెట్టె ఒకటి చేరిందని మాత్రం వారికి తెలియదు. ఎక్కడో వరంగల్లులోనో, బళ్లారిలోనో ఉన్న ఒక స్త్రీ తన ఇంటి గుమ్మం ఎక్కడ ఉన్నదో, తనను ఏ నంబరుకు పిలిస్తే పలుకుతుందో ఒక అపరిచితురాలికి నమ్మి చెప్పింది. చీర ఆమెకు చేరిపోయింది. చిరునామా మాత్రం మంగళగిరిలోనే ఉండిపోయింది.

దీనివల్ల నష్టమేమిటని కొందరు ప్రశ్నించవచ్చు. చిరునామా అందరికీ ఉండేదే కదా అని తేలికగా తీసికొనవచ్చు. కాని కొనుగోలుదారులందరి పరిస్థితి ఒకటి కాదు. వారిలో ఒకామె హింసించే భర్తను విడిచి, తాను ఎక్కడ ఉంటున్నదో బంధువులకు సైతం తెలియకుండా జీవిస్తూ ఉండవచ్చు. ఆ పట్టిక అంగడికెక్కితే ఆమెకు ప్రాణాపాయం. మరొకామె హాస్టలులో ఉండి చదువుకొంటున్న యువతి కావచ్చు. ఆమె నంబరు పదిమంది చేతులు మారితే అర్ధరాత్రి ఫోనులు మొదలవుతాయి. ఇంకొకరు వృద్ధులు కావచ్చు. ఏ తేదీన ఏ చీర కొన్నారో, ఎంత చెల్లించారో చెప్పి నమ్మించే మోసగానికి వారు సులభంగా చిక్కుతారు. చీర ధర పన్నెండు వందల రూపాయలు. ఆ చిరునామా వెల ఎంతని ఎవరు కట్టగలరు?

గోప్యత హక్కుగా మారిన క్రమం

తన వ్యక్తిగత విషయాలు తన అదుపులో ఉండాలని మనిషి కోరుకోవడం కొత్త కాదు. దానిని హక్కుగా గుర్తించడానికి మాత్రం మన దేశంలో చాలాకాలం పట్టింది. ఆ చరిత్రలో తెలుగువారి పాత్ర గణనీయమైనది.

ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్ అనే వ్యక్తి మీద పోలీసులు నిఘా ఉంచి, రాత్రివేళల్లో అతని ఇంటి తలుపు తట్టేవారు. ఆ కేసులో 1962లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాత్రివేళ ఇంటికి వచ్చి తనిఖీ చేయడం చెల్లదన్నది. అయితే గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని మెజారిటీ న్యాయమూర్తులు అభిప్రాయపడ్డారు. రాజమహేంద్రవరానికి చెందిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు ఆ అభిప్రాయంతో విభేదించారు. వ్యక్తిస్వేచ్ఛలో గోప్యత అవిభాజ్యమైన అంశమని ఆయన తన భిన్నతీర్పులో స్పష్టం చేశారు. న్యాయమూర్తి జె.సి. షా ఆయనతో ఏకీభవించారు. ఆనాటికి అది ఓడిపోయిన వాదం.

ఆ తరువాత హైదరాబాదు నుండి మరొక వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. స్టాంపు చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన ఒక సవరణ, బ్యాంకులలో ఉన్న ఖాతాదారుల పత్రాలను తనిఖీ చేసి స్వాధీనం చేసికొనే అధికారాన్ని ఇచ్చింది. కెనరా బ్యాంకు కేసుగా ప్రసిద్ధమైన ఈ వివాదంలో 2004లో తీర్పు వెలువడింది. గోప్యత స్థలాలకు కాక వ్యక్తులకు చెందినదనీ, పత్రాలను బ్యాంకుకు అప్పగించినంత మాత్రాన ఖాతాదారుని గోప్యత నశించదనీ ఆ తీర్పు సారాంశం. ఇది పరోక్షంగా ఉపనిధి ధర్మమే. పెట్టె పొరుగింటికి చేరినా అందులోని సొమ్ము పొరుగువానిది కాదు.

చివరకు 2017 ఆగస్టు 24న, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసులో తొమ్మిదిమంది సభ్యుల సుప్రీంకోర్టు ధర్మాసనం, గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించింది. కృష్ణా జిల్లాకు చెందిన న్యాయమూర్తి జాస్తి చలమేశ్వర్ ఆ ధర్మాసనంలో ఒకరు. యాభై అయిదేండ్ల క్రిందట ఓడిపోయిన కోకా సుబ్బారావు వాదం ఆ రోజున గెలిచింది.

హక్కును ప్రకటించడం ఒక ఎత్తు. దానిని నిత్యజీవితంలో అమలుపరచడం మరొక ఎత్తు. ఆ పనికోసం పార్లమెంటు 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని ఆమోదించింది. దాని నియమాలను కేంద్రప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించింది. ఫిర్యాదులను విచారించే డేటా రక్షణ బోర్డుకు సంబంధించిన అంశాలు వెంటనే అమలులోకి వచ్చాయి. వ్యాపారులు పాటించవలసిన ప్రధాన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. అనగా అవి అమలులోకి వచ్చే కాలం 2027 మే. అప్పటివరకు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 43ఎ సెక్షనూ, 2011 నాటి నియమాలూ వర్తిస్తాయి.

ఈ చట్టంలో భాషాపరమైన విశేషం ఒకటి ఉన్నది. వ్యక్తిని సూచించడానికి ఇది ‘ఆమె’ అనే స్త్రీవాచక సర్వనామాన్నే వాడింది. ఆ మాటలో అందరూ చేరుతారని నిర్వచించింది. సమాచారం ఎవరిదో ఆ వ్యక్తికి ‘డేటా ప్రిన్సిపల్’ అనీ, ఆ సమాచారాన్ని ఎందుకు, ఏ విధంగా వాడాలో నిర్ణయించేవారికి ‘డేటా ఫిడ్యూషియరీ’ అనీ పేర్లు పెట్టింది. ఫిడ్యూషియరీ అనగా నమ్మకాన్ని వహించినవాడు. న్యాసధారి అనే మన పాత మాటకు ఇది చాలా దగ్గరగా ఉన్నది. మంగళగిరి యువతి ఇప్పుడు అటువంటి న్యాసధారి. సర్వర్ అద్దెది కావచ్చు. చీరను చేరవేసేది కొరియరు సంస్థ కావచ్చు. అయినా జవాబుదారీ ఆమెదే. సర్వర్ యజమాని మీద నెపం వేసి తప్పుకొనే వీలును చట్టం ఇవ్వలేదు.

న్యాసధారి బాధ్యతలు

మొదటి బాధ్యత చెప్పి తీసికొనడం. ఏ వివరాలు తీసికొంటున్నదో, ఎందుకు తీసికొంటున్నదో కొనుగోలుదారుకు స్పష్టమైన, సరళమైన భాషలో ముందుగా తెలియజేయాలి. పుటల కొద్దీ నిబంధనల నడుమ దానిని దాచకూడదు. విడిగా చదివినా అర్థం కావాలి. ఆ ప్రకటనను ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఇరవై రెండు భాషలలో దేనిలోగాని చదువుకొనే అవకాశం కల్పించాలి. ఆ భాషలలో తెలుగు ఒకటి. తెలుగువారికి తెలుగు చీర అమ్మే అంగడి తన బాధ్యతను తెలుగులో చెప్పుకోవడం కేవలం భాషాభిమానం కాదు, చట్టం కోరిన పని.

రెండవ బాధ్యత పనికి మించి తీసికొనకుండుట. చీర పంపడానికి చిరునామా కావాలి. కొరియరువాడు పిలవడానికి ఫోను నంబరు కావాలి. పుట్టినతేది ఎందుకు? ఆ గడిని తొలగించడమే ఉత్తమం. అడగని వివరాన్ని దాచే పని లేదు. దాచనిదానిని దొంగిలించేవాడు లేడు. కార్డు నంబర్ల విషయంలో రిజర్వు బ్యాంకు మరింత కఠినంగా ఉన్నది. 2022 అక్టోబరు 1 నుండి వ్యాపారులు కొనుగోలుదారుల కార్డు వివరాలను తమ వద్ద నిల్వ చేయరాదు.

మూడవ బాధ్యత చెప్పిన పనికే వాడుట. చీర పంపడానికి ఇచ్చిన నంబరుకు దసరాకు, దీపావళికి ప్రకటనలు పంపదలిస్తే దానికి వేరుగా అనుమతి కోరాలి. ముందే గుర్తు పెట్టి ఉంచిన గడి అనుమతి కాదు. కొనుగోలుదారు తానై చేసిన స్పష్టమైన చర్యయే అనుమతి. ఇచ్చిన అనుమతిని ఎప్పుడైనా వెనుకకు తీసికొనవచ్చు. ఇవ్వడం ఎంత సులభమో, వెనుకకు తీసికొనడం కూడ అంతే సులభంగా ఉండాలి. ఒక్క నొక్కుతో చేరినవారిని విడిపోవడానికి ఉత్తరం వ్రాయమనడం న్యాయం కాదు. దాచిన సొమ్మును ఇష్టానుసారం వాడుకొన్నవాడు దండనార్హుడన్న యాజ్ఞవల్క్యుని మాట ఇక్కడ సరిగా సరిపోతుంది.

నాలుగవ బాధ్యత కాపాడుట. సొంత సర్వర్ నడిపేవారికి ఇదే అన్నిటికంటె బరువైనది. పెద్ద సంస్థలలో దీనికై ప్రత్యేక సిబ్బంది ఉంటారు. ఇక్కడ మగ్గం పక్కన కూర్చున్న కూతురే సమస్తం. వెబ్‌సైట్‌కూ కొనుగోలుదారుకూ మధ్య నడిచే సమాచారం ఎన్‌క్రిప్షన్ అనే సంకేతలిపి పద్ధతిలో సాగాలి. దానికి అవసరమైన ధ్రువపత్రాన్ని లెట్స్ ఎన్‌క్రిప్ట్ వంటి లాభాపేక్ష లేని సేవలు ఉచితంగానే ఇస్తున్నాయి. పాస్‌వర్డులను ఉన్నవి ఉన్నట్లుగా వ్రాసి ఉంచకూడదు. సాఫ్ట్‌వేర్‌కు కొత్త సవరణలు వచ్చినప్పుడు ఆలస్యం లేకుండా చేర్చుకోవాలి. సర్వర్ తాళం ఎవరి చేతిలో ఉన్నదో లెక్క ఉండాలి. సమాచారానికి మరొక ప్రతిని వేరొకచోట భద్రపరచాలి. ఆ ప్రతికి కూడ సంకేతలిపి రక్షణ ఉండాలి. ఎవరు ఎప్పుడు సమాచారాన్ని తెరిచారో తెలిపే లాగ్‌లను 2025 నియమాల ప్రకారం కనీసం ఒక సంవత్సరం ఉంచాలి. సందర్శకుల సంఖ్య తెలిసికొనడానికి ఇతరుల నుండి తెచ్చి అతికించిన చిన్న ప్రోగ్రాము, ఆ సందర్శకుల జాడలను తన యజమానికి చేరవేస్తూ ఉండవచ్చు. దానిని అతికించేముందు అది ఏమి చేస్తుందో తెలిసికొనాలి.

అయిదవ బాధ్యత దొంగతనం జరిగితే దాచకుండుట. సమాచారం బయటికి పొక్కిందని తెలిసిన వెంటనే, ఎవరి వివరాలు పోయాయో ఆ ప్రతి వ్యక్తికీ జాప్యం లేకుండా తెలియజేయాలి. ఏమి జరిగింది, దానివల్ల రాగల ప్రమాదమేమి, తాను తీసికొంటున్న చర్యలేమి, వారు తీసికొనవలసిన జాగ్రత్తలేమి అనే విషయాలు అందులో ఉండాలి. డేటా రక్షణ బోర్డుకు కూడ వెంటనే తెలిపి, 72 గంటలలో పూర్తి వివరాలు సమర్పించాలి. ఇదిగాక, సైబర్ భద్రతను పర్యవేక్షించే సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇటువంటి ఘటనలను 6 గంటలలో ఆ సంస్థకు నివేదించాలి. పరువు పోతుందని మూసిపెట్టిన ప్రతి గంటా, చిరునామా పోయిన స్త్రీకి తెలియకుండా గడిచిన గంటయే.

ఆరవ బాధ్యత పని ముగిసిన పిమ్మట తుడిచివేయుట. నిర్దేశించిన కనీస కాలం గడిచి, ప్రయోజనం నెరవేరిన తరువాత వివరాలను తొలగించాలి. ఇతర చట్టాలు ఉంచమన్నవాటిని ఉంచవలసిందే. ఉదాహరణకు జి.ఎస్.టి. క్రింద నమోదైన వ్యాపారి లెక్కలనూ, బిల్లులనూ వార్షిక రిటర్ను గడువు తేదీ నుండి 72 నెలలు భద్రపరచాలి. బిల్లు ఉంచాలి కనుక సమస్తమూ ఉంచుతానంటే కుదరదు. తన గురించి ఏ వివరాలున్నాయో తెలిసికొనే హక్కు, తప్పులను సరిదిద్దించే హక్కు, తొలగించమనే హక్కు, తన తదనంతరం ఈ హక్కులు వినియోగించుకొనే వ్యక్తిని నియమించుకొనే హక్కు కొనుగోలుదారుకు ఉన్నాయి. వారి ఫిర్యాదులకు 90 రోజులకు మించకుండా సమాధానం ఇవ్వాలి. ప్రశ్నలకు జవాబు చెప్పేవారిని ఏ విధంగా సంప్రదించాలో వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేటట్లు ప్రకటించాలి.

ఏడవ బాధ్యత విద్యార్థులకు నేరుగా సంబంధించినది. పద్దెనిమిదేండ్లు నిండనివారిని ఈ చట్టం బాలలుగా పరిగణిస్తుంది. ఈ పాఠం చదువుతున్న మీలో అధికసంఖ్యాకులు ఆ కోవకు చెందినవారే. బాలల వివరాలను వాడదలచినవారు తల్లిదండ్రుల అనుమతిని, సరిచూడదగిన రీతిలో, ముందుగా పొందాలి. వారి అలవాట్లను వెంటాడి గమనించడాన్నీ, వారిని గురిచేసి ప్రకటనలు గుప్పించడాన్నీ చట్టం నిషేధించింది. వయస్సు ఎక్కువ వేసి లోపలికి ప్రవేశించే అలవాటు కొందరికి ఉన్నది. మీ రక్షణకై కట్టిన గోడను మీరే దూకుతున్నారని గ్రహించండి.

ఎల్లలు దాటిన అంగడి

మంగళగిరి చీర మంగళగిరిలో ఆగిపోదు. జర్మనీలోనో, ఐర్లండులోనో స్థిరపడిన తెలుగువారు పండుగకు ఒక చీర కోరవచ్చు. ఐరోపా సమాఖ్యలో జి.డి.పి.ఆర్. అనే గోప్యతా శాసనం 2018 మే 25 నుండి అమలులో ఉన్నది. అక్కడివారికి ఒక వెబ్‌సైట్ కనిపించినంత మాత్రాన అది వర్తించదు. కాని యూరోలలో ధర చెప్పి, అక్కడికి సరుకు పంపుతామని ప్రకటించి, అక్కడి కొనుగోలుదారులను ఆహ్వానిస్తే, అంగడి మన ఊరిలో ఉన్నప్పటికీ ఆ శాసనం వర్తిస్తుంది. దానిలోని ముఖ్యసూత్రాలు - పనికి తగినంతే తీసికొనడం, చెప్పిన పనికే వాడడం, కోరినప్పుడు తొలగించడం - మనం పైన చూసినవే. ఒక అంగడిలో ఈ ధర్మాన్ని శ్రద్ధగా పాటించినవారు మరొక దేశపు చట్టానికి చాలావరకు సిద్ధమైనట్లే.

పాత ధర్మం, కొత్త చట్టం

ఇప్పుడు మొదట జ్ఞాపకం ఉంచుకొమ్మన్న మూడవ అంశానికి వద్దాం. దొంగలు ఎత్తుకొనిపోతే న్యాసధారి బాధ్యుడు కాడన్నది పాత ధర్మం. కొత్త చట్టం ఈ మాటను అంగీకరించదు. దొంగ వచ్చాడా అని కాక, తలుపుకు గడియ ఉన్నదా అని అది అడుగుతుంది. తగిన రక్షణ చర్యలు తీసికొననందుకు గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల వరకు, సమాచారం పొక్కిన సంగతి తెలియజేయనందుకు 200 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఇవి గరిష్ఠ పరిమితులు మాత్రమే. తప్పు తీవ్రత, అది సాగిన కాలం, నష్టాన్ని తగ్గించడానికి చేసిన ప్రయత్నం మొదలైనవాటిని పరిశీలించి బోర్డు మొత్తాన్ని నిర్ణయిస్తుంది.

ఈ మార్పుకు బలమైన కారణం ఉన్నది. నగల పెట్టెను దొంగ ఎత్తుకొనిపోతే ఇంటివానికి వెంటనే తెలుస్తుంది. పెట్టె ఉన్నచోట శూన్యం మిగులుతుంది. సమాచారం అటువంటిది కాదు. దానిని దొంగిలించినా ఉన్నచోటనే ఉంటుంది. దొంగకు దొరికింది ప్రతి మాత్రమే. ఒకసారి బయటపడిన ప్రతికి మరి వేయి ప్రతులు పుట్టవచ్చు. పోయిన నగ దొరికితే తిరిగి ఇవ్వవచ్చు. తెలిసిపోయిన చిరునామాను తెలియనట్లు చేయడం ఎవరి తరమూ కాదు. కనుక పోయిన తరువాత చెల్లించే దానికంటె పోకుండా కాపాడడానికే ఇక్కడ విలువ ఎక్కువ.

అయితే ఒక విషయంలో పాత ధర్మమే మెరుగుగా తోస్తుంది. వాడుకొన్న సొమ్మును లాభంతో సహా, దాచుకొన్న యజమానికే చెల్లించాలని యాజ్ఞవల్క్యుడు చెప్పాడు. 2023 చట్టం క్రింద వసూలైన జరిమానా భారత సంచిత నిధికి చేరుతుంది. నష్టపోయిన వ్యక్తికి పరిహారం ఇప్పించే ఏర్పాటు అందులో లేదు. పరిహారానికి ఆధారమైన 43ఎ సెక్షను కూడ 2027లో కొత్త బాధ్యతలు అమలులోకి రావడంతో తొలగిపోతుంది. చిరునామా పోయిన స్త్రీ ఖాళీ చేతులతోనే నిలబడవలసి వస్తుంది. చట్టం పూరించని ఆ వెలితిని ప్రస్తుతానికి న్యాసధారి మనస్సాక్షియే పూరించాలి.

మన మంగళగిరి యువతి ఏమి చేయాలి? ఒక సాయంత్రం తీరిక చేసికొని, తన సర్వర్‌లో ఎవరెవరి వివరాలున్నాయో జాబితా వ్రాసికొనాలి. ప్రతి వివరం పక్కన అది ఎందుకున్నదో వ్రాయాలి. కారణం వ్రాయలేని ప్రతి గడినీ పత్రం నుండి తొలగించాలి. కొనుగోలుదారులకు చెప్పవలసిన రెండు మాటలను మంచి తెలుగులో వ్రాసి వెబ్‌సైట్ మొదటి పుటలోనే ఉంచాలి. చెడు జరిగిన నాడు ఎవరికి చెప్పాలో ముందే వ్రాసి పెట్టుకొనాలి. ఈ పనులకు కోట్లు అవసరం లేదు. నేతలో పోగు తెగితే ముడి వేసే ఓర్పు చాలు.

పొరుగువాడు దాచిన పెట్టెను తెరవకుండా ఏండ్ల తరబడి కాపాడిన ఆ అజ్ఞాత గృహస్థును ఏ దండభయమూ నడిపించి ఉండదు. ‘నన్ను నమ్మి ఇచ్చాడు’ అన్న భావమే ఆయనను నడిపించింది. రేపు మీలో కొందరు వ్యాపారులవుతారు, కొందరు సర్వర్లు నడుపుతారు, అందరూ ఎవరో ఒకరి పేరుచిరునామాలను చేతిలో ఉంచుకొంటారు. అప్పుడు ఆ గృహస్థును ఒకసారి తలచుకోండి.

కఠిన పదాలకు అర్థాలు

న్యాసం = నమ్మి దాచమని ఇచ్చిన వస్తువు
ఉపనిధి = లోపల ఏమున్నదో చెప్పకుండా పెట్టెలో ఉంచి అప్పగించిన ద్రవ్యం
వ్యవహారపదం = న్యాయస్థానంలో విచారించదగిన వివాద విషయం
ఋణాదానం = అప్పు వసూలుకు సంబంధించిన వివాదం
అవిభాజ్యం = విడదీయరానిది
స్తోమత = శక్తి, తాహతు
నెపం = సాకు

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. సొంత వెబ్‌సైట్ నడిపే చిన్న వ్యాపారికి గల బాధ్యతలను వివరించండి.
2. ఉపనిధి ధర్మానికీ, 2023 నాటి చట్టానికీ గల పోలికలనూ, భేదాలనూ చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. గోప్యత ప్రాథమిక హక్కుగా రూపొందిన క్రమాన్ని తెల్పండి.
2. సమాచార చౌర్యం నగల చౌర్యం కంటె ఏ విధంగా భిన్నమైనది?
3. మీ పేరు, ఫోను నంబరు ఏయే అంగళ్లలో ఇచ్చారో జ్ఞాపకం చేసికొని, వాటిలో నిజంగా అవసరమైనవి ఏవో కారణాలతో వ్రాయండి.

III. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. పెట్టె పొరుగింటికి చేరినా అందులోని సొమ్ము పొరుగువానిది కాదు.
2. దొంగ వచ్చాడా అని కాక, తలుపుకు గడియ ఉన్నదా అని అది అడుగుతుంది.

IV. విడదీసి, సంధి పేరు వ్రాయండి.
1. ప్రాణాపాయం 2. లాభాపేక్ష 3. సమకాలికుడైన

V. విగ్రహవాక్యం వ్రాసి, సమాసం పేరు తెల్పండి.
1. వ్యక్తిస్వేచ్ఛ 2. పేరుచిరునామాలు 3. రెండు మాటలు